అగ్గిపెట్టెలు తెచ్చిన రోజు

నా చిన్నప్పుడు మా కాలనీలో చదువుకు రెండే అర్థాలు ఉండేవి. అయితే డాక్టరు, కాకుంటే టీచరు. మిగతా అందరిదీ బాయి పనే. మా గోదావరిఖని వైపు బొగ్గు గనిని బాయి అంటాం. మా బాపు కూడా ఆ బాయిలోకే షిఫ్టుకు పోయేవాడు. నేను పదో తరగతికి వచ్చిన ఏడు ఇంట్లో నా మీద పంచాయితీ మొదలైంది. ఇక్కడితో చాలని అమ్మ, చూద్దామని బాపు. చివరికి బాపు ఒక మాట అన్నాడు.

"చదివి ఏమైతవో చెప్పు బిడ్డా. పని పేరు చెప్పు, చదివిస్త."

ఆ పేరే నా దగ్గర లేదు. డాక్టరు చదువు మా తాహతుకు మించినది. టీచరు కావాలని నాకు లేదు. నాకు ఇష్టమైనదల్లా సైన్సు పుస్తకంలోని పురుగులు, గుడ్లు, ఆకుల లోపలి గదులు. ఆ బొమ్మలు గీస్తూ కూర్చుంటే అన్నం కూడా గుర్తుకొచ్చేది కాదు. కానీ పురుగుల బొమ్మలు గీసే పిల్లకు పని ఎవరిస్తారు?

ఇట్లాంటి చదువుకు ఏం పని దొరుకుతుందని మా సైన్సు సారును అడిగాను. పాఠం చెప్పడంలో ఆయనకు వంక పెట్టడానికి లేదు. కొంకిపురుగు తడి మట్టిలోంచి అరికాలి తోలు తొలుచుకుని లోపలికి ఎట్లా పోతుందో, పేగుకు పట్టుకుని రక్తం ఎట్లా తాగుతుందో ఆయన చెబుతుంటే మేం బెంచీల కింద కాళ్ళు ముడుచుకునేవాళ్ళం. అంత బాగా చెప్పే మనిషి నా ప్రశ్నకు మాత్రం సుద్దముక్క బల్ల మీద పెట్టేసి చేతులెత్తేశాడు.

"నాకెరుక లేదు బిడ్డా. నేను బీయస్సీ చదివిన, పంతులునైన. నడుమ ఇంకేమున్నదో నాకెవ్వరు చెప్పలే."

నాకు ఏడుపూ కోపమూ రెండూ వచ్చాయి. పాఠం చెప్పే మనిషికే ఆ పాఠం ఎక్కడికి పోతుందో తెలియకపోతే ఇక నేనెవరిని అడగాలి?

మా పక్కింట్లో ఒక అక్క ఉండేది. వరంగల్‌లో చదువుకుని వచ్చి, మా కాలనీ దవాఖానలోని ల్యాబులో పరీక్షలు చేసేది. ఆ రోజుల్లో జనం కడుపు నొప్పికో నీరసానికో దవాఖానకు పోతే మలాన్ని అగ్గిపెట్టెలో పెట్టి తెమ్మనేవారు. ఆ అగ్గిపెట్టెలన్నీ అక్క బల్ల మీదికి చేరేవి. అందుకని కాలనీ మొత్తం ఆమెను చాటున పెంటక్క అని పిలిచేది. ఆమెది కూడా ఒక చదువు వల్ల వచ్చిన పని అని మాలో ఒక్కరికీ తట్టలేదు.

ఆ సాయంత్రం నల్లా దగ్గర, పని పేరు సారుకే తెలియదంటూ నేను అమ్మతో గొడవ పడుతుంటే అక్క విన్నది. బిందె పక్కన పెట్టి నా మీద గయ్యిమంది.

"మీ సారు బోర్డు మీద గీసే కొంకిపురుగు గుడ్లను నేను దినాం చూస్త. గదే నా పని. గీ ఊర్ల బడి ఉన్నది, దవాఖాన ఉన్నది, నడుమ తొవ్వ లేదా?"

మర్నాడు అక్క నేరుగా బడికి వచ్చి సారుతో వరండాలో చాలాసేపు మాట్లాడింది. తర్వాత సారు లోపలికి వచ్చి, రేపు అందరూ ఇంటి నుంచి అగ్గిపెట్టె తీసుకురావాలని, అందులో ఏముండాలో కూడా చెప్పాడు. క్లాసంతా ఛీఛీలతో మోగిపోయింది.

అనుకున్నట్టే మరుసటి రోజు అక్క వచ్చింది. దవాఖాన డాక్టరును అడిగి సూక్ష్మదర్శినిని బట్టలో చుట్టుకుని రిక్షాలో తెచ్చింది. మా క్లాసులో ఒక పోకిరి ఉండేవాడు. వాడు తన ఇంటి మేకది పట్టుకొచ్చి, ఆ సంగతి అందరికీ ముందే చెప్పి పెట్టాడు. మేమంతా నోళ్ళు మూసుకుని నవ్వు ఆపుకుంటున్నాం. అక్క వాడి అగ్గిపెట్టె తీసుకుని, ఉప్పునీటి చుక్కలో కలిపి గాజుపలక మీద పెట్టి, కంటిని ఆనించి చూసింది.

"మీ ఇంట్ల గడ్డి తింటున్నరారా?"

క్లాసు గొల్లుమంది. వాడు తల దించుకున్నాడు. అక్క మాత్రం నవ్వలేదు. గాజుపలకను కొంచెం కొంచెం జరుపుతూ ఇంకాసేపు చూసింది.

"నవ్వుడు ఆపున్రి. మేకకు కడుపుల పురుగులున్నయి. గుడ్లు కనవడ్తున్నయి. పారుకుంటున్నదా అది?"

వాడి మొహం మారిపోయింది. మేకకు విరేచనాలు ఆగడం లేదని, చిక్కిపోతోందని, వాళ్ళమ్మ రోజూ దాన్నే చూస్తూ కూర్చుంటోందని మెల్లగా చెప్పాడు. అక్క వాణ్ణి తిట్టలేదు. పశువుల దవాఖానకు తోలుకుపొమ్మని చెప్పి మా వైపు తిరిగింది. మేకలకు సుత డాక్టరుంటడు, మందిచ్చే మనిషి ఉంటడు, పరీక్ష చేసేటోళ్ళు ఉంటరు, అన్నిటికీ వేరువేరు చదువులున్నయి అన్నది. ఆ తర్వాత ఎవరూ ముక్కు మూసుకోలేదు. వరసలో నిలబడి ఒకరి తర్వాత ఒకరం చూశాం. నా వంతు వచ్చేసరికి ఎవరి అగ్గిపెట్టెలోదో కొంకిపురుగు గుడ్డు కనిపించింది. నేను దాని అంచును నల్లటి గీతతో లావుగా గీసేదాన్ని. నిజం గుడ్డుది ఎంత పలచని పొరో!

అప్పుడు జరిగింది నేను ఈనాటికీ మరిచిపోలేదు. సారు వెళ్ళి ఆఖరి బెంచీలో పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. చెయ్యెత్తి అడగడం మొదలుపెట్టాడు. ఇంటర్‌లో ఏం తీసుకోవాలి, ఆ తర్వాత ఎక్కడ చదవాలి, ఆడపిల్లలకు హాస్టలు ఉంటుందా, డ్యూటీ ఎట్లా ఉంటుంది. అర్థం కానిచోట మళ్ళీ చెప్పించుకున్నాడు. అవన్నీ నేను అడగాల్సినవి. ఎట్లా అడగాలో నాకు తెలియనివి. చివరికి ఆయన విసుగ్గా తల కొట్టుకున్నాడు.

"ఇన్నేండ్లు గిదే పాఠం చెప్పిన. నిన్ను ఒక్కసారన్న పిలిచి అడగకపోతి."

"నేను సుత రాకపోతి సార్. మీరు పిలుస్తరేమోనని చూసుకుంట కూసున్న" అన్నది అక్క.

ఇంటికి పోయి బాపుకు పని పేరు చెప్పాను. ల్యాబ్ టెక్నీషియన్. బాపుకు నోరు తిరగలేదు గానీ మాట తప్పలేదు. పెంటక్క పనా అని అమ్మ నెత్తి కొట్టుకుంది. నేను చదివాను, ఆ పనే చేశాను, చేసి రిటైరయ్యాను.

కథ ఇక్కడ ఆగితే నాకూ బాగుండేది. మొన్న, ఇప్పుడు పాఠాలు ఎట్లా చెబుతున్నారో చూద్దామని మా ఊళ్ళోనే ఒక బడికి పోయాను. కుర్ర సారు గోడంత తెర మీద జీవకణాన్ని కదిలిస్తూ చూపించాడు. నేను ముచ్చటపడి చూస్తుండగానే ఒక పిల్ల లేచి, నాకిది ఇష్టం సార్, ఏం చదవాలి అని అడిగింది. "డాక్టర్ కావాలె. రాకుంటే సాఫ్ట్‌వేర్ చూస్కో" అన్నాడాయన. ఆ బడికి కూతవేటు దూరంలో రక్తం పరీక్షించే వాళ్ళున్నారు. పశువుల దవాఖాన ఉంది. బొగ్గు కోసం తవ్విపోసిన మట్టిగుట్టల మీద ఏ మొక్క బతుకుతుందో చూసి నాటించే వాళ్ళున్నారు. వాళ్ళలో ఒక్కరినీ ఆయన ఎరగడు, వాళ్ళలో ఒక్కరూ ఆ బడి మెట్లెక్కలేదు. ఆయన్ని తిట్టి ఏం లాభం? ఆయనకూ ఎవరూ చెప్పలేదు. ఇన్నేళ్ళు గడిచినా ఇంకా అదే మాట వినాల్సి వస్తున్నందుకే నా కోపమంతా.

ఈ పనుల సంగతి పిల్లలకు నేను చెబుతానంటే సిలబస్ కాలేదు మేడం, పరీక్షలయ్యాక పిలుస్తాం అంటారు. పిలవరని నాకు తెలుసు. అందుకే నెలనెలా నేనే పోయి స్టాఫ్‌రూమ్ తలుపు దగ్గర నిలబడుతున్నాను. ముసలామె మళ్ళీ వచ్చిందని లోపల మొహాలు చూసుకుంటారు. చూసుకోనీ. పిలిచేదాకా ఆగి ఉంటే అక్క నా బడికి వచ్చేదే కాదు.