బరువు లేని వరుస

ఆఫీసులో ఆమెను అందరూ భూతద్దం అనేవారు. చుక్క ఒకటి పక్కకు జరిగినా ఇట్టే పట్టేసేది. పన్నెండేళ్లుగా ఆమె పని ఇతరులు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడమే.

ఈసారి చేతికొచ్చింది పిల్లల వార్డులో మందును కొద్దికొద్దిగా ఎక్కించే సిరంజి పంపుకు మోతాదు లెక్కకట్టే ప్రోగ్రామ్. పరీక్ష కోసం వందల వరుసలు రాసిపెట్టింది: రోగి నంబరు, బరువు, మందు, వేగం. ఒక్కో వరుసను ముక్కలు చేసి, వాటిని ఆ ప్రోగ్రామ్‌కు అందించే చిన్న కోడ్ కూడా ఆమే రాసుకుంది.

ఆ మధ్యాహ్నం ఒక వరుస దగ్గర చూపు ఆగిపోయింది. బరువు చోట రెండు కోట్ గుర్తులు, మధ్యలో ఏమీ లేదు. బరువు లేకపోతే ప్రోగ్రామ్ ఒప్పుకోకూడదు. ఒప్పుకోవడం లేదనే ఆర్నెల్లుగా పరీక్ష నెగ్గినట్టు పచ్చ టిక్కు పడుతోంది. కానీ అది చెబుతున్న కారణం వేరు: నాలుగు ముక్కలు రావాలి, మూడే వచ్చాయి అని. ఖాళీ ముక్కను ఆమె కోడే మింగేస్తోంది. అసలు పరీక్ష ఒక్కసారీ జరగనే లేదు.

కోడ్ సరిచేసి మళ్లీ నడిపింది. ఈసారి ప్రోగ్రామ్ కిక్కురుమనకుండా ఖాళీని తీసుకుని, తనంతట తానే పెద్దవాళ్ల బరువు, అరవై కిలోలు, వేసేసుకుంది.

అంటే పసిబిడ్డకూ పెద్దవాళ్ల మోతాదే వెళ్తుంది. ఆ ప్రోగ్రామ్ వారం కిందటే ఆసుపత్రికి చేరింది. మేనేజరు మరోసారి సరిచూశాక చెబుదామన్నాడు. ఆమె ఆగలేదు. ఆ వార్డులో నర్సు ఆమె చెల్లెలే. రెండుసార్లు మోగినా ఫోన్ ఎత్తలేదు. మూడోసారి ఎత్తింది.

"పంపు మీద ఎంతమంది ఉన్నారే?"

"ముగ్గురు. ఏమైందక్కా, గొంతు అలా ఉంది?"

"వాళ్ల బరువులు తెర మీద చూసి చెప్పు. ఫోన్ పెట్టెయ్యకు."

అడుగుల చప్పుడు. ఒకరిది తొమ్మిది కిలోలు, ఇంకొకరిది పద్నాలుగు. మూడో మంచం దగ్గర అడుగులు ఆగాయి.

"అక్కా, ఇక్కడ ఖాళీగా ఉంది."

"ఆపెయ్. ఇప్పుడే ఆపెయ్."

పంపు పెట్టి నాలుగు నిమిషాలే అయిందట. ఆమె ఆసుపత్రికి చేరేసరికి డాక్టరు బిడ్డ పక్కనే ఉన్నాడు. తప్పు ఎక్కడ జరిగిందో, పరీక్షలో దాన్ని పట్టుకోలేకపోయింది తానేనని ఆయనకు దాచకుండా చెప్పింది. మిగతా పంపులూ ఆపించి, మోతాదులు చేత్తో లెక్కకట్టించాడాయన. సాయంత్రానికి బిడ్డ ఆకలికి ఏడ్చింది. గండం గడిచిందన్నారు.

ఆమె బయటికి వచ్చింది. వరండా బెంచీ మీద బిడ్డ తల్లి జరిగి చోటిచ్చింది.

"మీ పిల్లలెవరైనా లోపల ఉన్నారా?"

"లేరండి," అంది. తర్వాత ఆ తల్లి వైపు తిరిగి, "మీ బిడ్డకు పెట్టిన పంపు గురించి మీకొకటి చెప్పాలి," అంది.