షరీఫక్క కుట్టిన చీటీలు

నంద్యాలలో మా వీధి మలుపున కుట్టు మిషన్లు బాగుచేసే దుకాణం ఒకటి ఈమధ్యే తెరిచారు. బడి నుంచి ఇంటికి దాని ముందు నుంచే నడిచి రావాలి. మొన్న ఒకాయన మిషను తలను వెనక్కి వాల్చి నూనె చుక్కలు వేస్తున్నాడు. ఆ నూనె వాసన, దానితో కలిసిన కొత్తగుడ్డ గంజి వాసన ముక్కుకు తగలగానే నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. "ఏం గావాలమ్మా?" అని ఆయన రెండుసార్లు అడిగాడు. ఏమని చెప్పను? ఆ వాసనకు నాకు రాజులూ, మాంత్రికులూ, మాట్లాడే పక్షులూ గుర్తొస్తాయని చెబితే నన్ను ఎగాదిగా చూసేవాడు. ఏమీ వద్దని చెప్పి ఇంటికొచ్చేశాను. వచ్చాక ఇది రాయడానికి కూర్చున్నాను.

షరీఫక్క ఆళ్లగడ్డలో ఆడవాళ్ల బట్టలు కుట్టేది. నాకప్పుడు ఇరవై మూడేళ్లు. ఎమ్మెస్సీ అయిపోయి, ఆళ్లగడ్డలో ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచరుగా చేరాను. పొద్దున నంద్యాలలో బస్సెక్కడం, సాయంత్రం మళ్లీ బస్సెక్కి ఇల్లు చేరడం. మొదటి నెలలోనే రవిక కుట్టించుకుందామని ఆమె కొట్టుకు వెళ్లాను. ఆమె మిషను వెనకాల ఒక పెద్ద చెక్క బీరువా ఉంది. అందులో గుడ్డలుంటాయనుకుంటే వరుసగా పుస్తకాలున్నాయి. అన్నీ ఒక్క రకమే. మాయలు, మంత్రాలు, లేని రాజ్యాలు, ఒకటో భాగం, రెండో భాగం, ఆరో భాగం. పత్రికల్లోంచి చించి బైండు చేయించిన పాత సీరియళ్లు కొన్ని, కొత్తగా అచ్చయినవి కొన్ని, ఇంగ్లీషు నుంచి తెలుగులోకి వచ్చినవి కొన్ని. ఏడో తరగతితో చదువు ఆపేసిన మనిషి, బట్టలు కుట్టుకుంటూ వాటిని ఒక్కొక్కటిగా కూడబెట్టింది. బట్ట ఇవ్వడానికి వచ్చినవాళ్లకు పుస్తకం ఊరికే ఇచ్చేది. నేను ఇంగ్లీషు ఫాంటసీలు చదివేదాన్ని. ఆ గర్వంతో కొంచెం నవ్వాను కూడా.

"ఇవన్నీ పిల్లల పుస్తకాలు కదక్కా?" అన్నాను.

ఆమె నా భుజం కొలుస్తోంది. టేపు మీద నుంచి చూపు తిప్పలేదు. "పిల్లోళ్లవైతే నీకు బిరీన అయిపోతాయి లే టీచరమ్మా. తీసకపో" అంది. కొలతలు అయ్యాక "ఉప్పుకోట" మొదటి భాగం నా చేతిలో పెట్టింది. ఎండిపోయిన సముద్రం మీద పడవ నడిపే ఒక స్త్రీ కథ అది. ఆ సాయంత్రం బస్సు నంద్యాల బస్టాండులో ఆగి, అందరూ దిగిపోయినా నేను సీట్లోనే ఉన్నాను. కండక్టరు వచ్చి టికెట్ల మిషనుతో సీటు మీద తట్టేదాకా నాకు తెలియలేదు.

ఆ పుస్తకాల్లో చీటీలుండేవి. చదివినవాళ్లు తమ అభిప్రాయం చిన్న కాగితం మీద రాసివ్వాలి. షరీఫక్క దాన్ని సూదితో, రెండే రెండు టాకాలు వేసి పుస్తకంలో కుట్టేది. చివరిదాకా చదివితే చివరి పేజీకి. మధ్యలో మానేస్తే మానేసిన పేజీకే. ఎవరినీ ఎందుకు మానేశావని అడిగేది కాదు, ఎక్కడ మానేశావని మాత్రమే అడిగేది. "గుర్రం చచ్చిపాయ. ఇంక నేను చదవను" అని ఒక చీటీ. "ఈ మాంత్రికుడు మా మామ మాదిరి చెప్పిందే చెప్తాండాడు" అని ఇంకొకటి. ఆ పేజీ దాకా వచ్చినవాళ్లకు తప్ప ఎవరికీ ఆ చీటీ కనబడదు కాబట్టి, కథ ముందే తెలిసిపోయే గొడవ ఉండేది కాదు. ఇప్పుడు ఫోన్లలో కథ ముందే చెప్పేశారని జనం కొట్టుకుంటుంటే నాకు నవ్వొస్తుంది. ఆళ్లగడ్డలో ఒక దర్జీ ఆ తగవును ఎప్పుడో సూదీదారంతో తీర్చేసింది.

ఏడాది తిరిగేసరికి ఆ కొట్టులో నేనూ ఒక పెద్దమనిషినైపోయాను. ఏది చదవాలి, ఏది అక్కర్లేదు అని నన్ను అడిగేవాళ్లు మొదలయ్యారు. వాళ్లలో లక్ష్మీదేవమ్మ ముఖ్యురాలు. సేద్యం చేసుకునే కుటుంబం, ఊరు గడివేముల. కూతుర్ని ఆళ్లగడ్డలో ఇచ్చారు. నెలకోసారి కూతురింటికి వచ్చినప్పుడు పుస్తకం మార్చుకుని పోయేది. "నువ్వు సెప్పు పాపా, అదే తీసకపోతా" అనేది. ఆ మాట వింటే నాకు ఒళ్లు పొంగేది.

ఒకసారి షరీఫక్క కొత్త సిరీస్ తెప్పించి, మొదటి భాగం ముందు నాకే ఇచ్చింది. అది పరీక్షల కాలం. జవాబు పత్రాలు దిద్దే పని నెత్తిమీద ఉంది. నూట పన్నెండు పేజీలు చదివి పక్కన పెట్టాను. మిగతాది ఎలా ఉందో నెట్‌లో నలుగురు రాసింది చూసి, అందంగా ఒక చీటీ రాశాను. "చివరి పేజీ దాకా కింద పెట్టలేకపోయాను. ముగింపు అద్భుతం." షరీఫక్క చీటీ చదివి, చివరి పేజీకి కుట్టబోతూ ఆగింది. ఆ చివర్లో నాలుగు పేజీలు పైఅంచున అతుక్కునే ఉన్నాయి. అచ్చువాళ్లు కోయడం మరిచిపోయారు. ఆమె వాటి మధ్యలోకి వేలు పోనిచ్చి చూసింది. పక్కనున్న కత్తెర తీసి, అంచు నిదానంగా కోసింది. ఎదురుగా బల్ల మీద లక్ష్మీదేవమ్మ కూర్చుని ఉంది.

"యాడ ఆగినావు టీచరమ్మా?" అని షరీఫక్క అడిగింది. గొంతులో కోపం లేదు. అందరినీ అడిగినట్టే అడిగింది.

"నూట పన్నెండు" అన్నాను. తల ఎత్తలేకపోయాను.

ఆ చీటీ చించేసి వేరేది రాసిస్తానన్నాను. ఆమె ఒప్పుకోలేదు. "నీ మాటే గదా, నేనెట్ల చింపేది?" అని దాన్నే నూట పన్నెండో పేజీకి కుట్టేసింది. ఇక ఆ పుస్తకం తీసుకున్న ప్రతివాళ్లూ ఆ పేజీకి రాగానే, చివరి పేజీ దాకా కింద పెట్టలేదన్న నా గొప్ప మాట చదవాల్సిందే. లక్ష్మీదేవమ్మ వెళ్లాక షరీఫక్క ఒక్క మాటే అంది. "పొలం పనీ వంటపనీ పోను ఆయమ్మకి దినానికి మిగిలేది ఒక గంట. ఆ గంట నీ మాట నమ్మి ఖర్సు పెడతాంది. ఊహించి చెప్పాకు టీచరమ్మా."

లక్ష్మీదేవమ్మ ఆ తర్వాత ఏడాదిపాటు నన్ను ఏదీ అడగలేదు. నా ముందే వేరేవాళ్లను అడిగి పుస్తకం తీసుకునేది. అది నాకు ఎంత కష్టంగా ఉండేదో చెప్పలేను. ఉద్యోగం పోయినా అంత బాధపడేదాన్ని కాదేమో. చదివినంత వరకే మాట్లాడటం అప్పటినుంచి మొదలుపెట్టాను. "ఇంతవరకే చదివినా, ఇంతవరకు బాగుంది" అనేదాన్ని. నచ్చకపోతే నచ్చలేదనేదాన్ని. ఎదుటివాళ్లకు అది ప్రాణమైన పుస్తకమని తెలిసినా అనేదాన్ని. ఒకరోజు లక్ష్మీదేవమ్మ బీరువా ముందు నిలబడి, నావైపు చూడకుండానే, "ఇది చదివినావా పాపా?" అంది. "మొత్తం చదివినా పెద్దమ్మా" అన్నాను. ఆమె పుస్తకం సంచిలో వేసుకుంది. ఆరోజు బస్సులో నిలబడి వచ్చినా నాకు అలసట తెలియలేదు.

"ఉప్పుకోట" నాలుగో భాగం తర్వాత రచయిత ఆరేళ్లు ఊరించాడు. ఐదోది, చివరిది, వచ్చేనాటికి షరీఫక్క కళ్లు దెబ్బతిన్నాయి. షుగరు కళ్లకు పాకింది. అచ్చు అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తున్నాయనేది. మిషను మూలకు జరిపేశారు. ఆరేళ్లుగా ఆమె ఎదురుచూసిన పుస్తకం నంద్యాలలో నేనే కొన్నాను. సెలవు పెట్టి ఒక్కరోజులో చదివేశాను. నాలుగు భాగాలు పడవ నడిపిన ఆ స్త్రీ, సముద్రంలోకి నీళ్లు తిరిగొచ్చిన రోజునే పడవ ఒడ్డున వదిలేసి కోటలోకి వెళ్లి సింహాసనం మీద కూర్చుంటుంది. ఇంత దూరం తీసుకొచ్చి ఇదా అనిపించింది. మరుసటి రోజు ఆళ్లగడ్డ వెళ్తుంటే దారి పొడుగునా ఒకటే ఆలోచన. ఆమెకు ఇక తానే చదువుకునే వీలు లేదు. బాగుందని ఒక్క మాట అంటే ఏం పోతుంది? ఆ మనిషి సంతోషంగా ఉంటుంది కదా.

షరీఫక్క మంచం మీద కూర్చుని ఉంది. నా అడుగుల చప్పుడుకే గుర్తుపట్టింది. "వచ్చినావా సుజాతా. ఎట్లుంది?"

నోటి దాకా వచ్చిన అబద్ధం అక్కడే ఆగిపోయింది. "చివరిదాకా చదివినాక్కా. ముగింపు నాకు నచ్చలేదు" అన్నాను.

ఆమె నా చెయ్యి వెతికి పట్టుకుంది. "అబద్ధమైతే నీ గొంతులోనే తెలిసిపోతాది. ఇప్పుడు నువ్వు బాగుందని చెప్పింటే, నీతో ఇంక ఏ పుస్తకం మాటా మాట్లాడకుండా ఉందును" అంది. మళ్లీ వెంటనే, "సరే, చదువు. ఎంత చెడగొట్టినాడో నేనూ జూస్తా" అంది.

రోజూ బడి విడిచాక ఒక గంట చదివి వినిపించేదాన్ని. పదిహేను రోజులు పట్టింది. ముగింపు చదివేటప్పుడు నా గొంతులో విసుగు వినిపించకూడదని చాలా జాగ్రత్తపడ్డాను. అయిపోయాక ఆమె తన మోకాళ్ల మీద చేతులు వేసుకుని రాసుకుంటూ కూర్చుంది.

"నాకు నచ్చింది" అంది. "అన్నేండ్లు పడవ తోసింది ఆయమ్మ. ఒక దినం కుచ్చోవాలని ఉండదా? ముప్పై ఏండ్లు నేను మిషను తొక్కినా. నీకు కాళ్లు నొయ్యవు, నీకెట్ల తెలుస్తాది?"

ఆ కోణం నాకు తట్టనే లేదు. నేను అప్పటికే రాసిపెట్టిన చీటీ మార్చి రాస్తానన్నాను. ఆమె గట్టిగా తల అడ్డంగా ఊపింది. "నీది నీదే. నాది పక్కన కుట్టు" అని తన మాటలు చెప్పి నాతో రాయించింది. సూదిలోకి దారం కూడా నేనే ఎక్కించాను. జీవితంలో ఎప్పుడూ కుట్టనిదాన్ని, చివరి పేజీకి రెండు చీటీలూ పక్కపక్కన కుట్టాను. ఆమె వేలితో తడిమి చూసి, "వంకరపాయ. ఉండనీలే" అంది.

షరీఫక్క పోయిన ఏడాది చనిపోయింది. బీరువా, పుస్తకాలు ఇప్పుడు నంద్యాలలో మా ఇంట్లో ఉన్నాయి. నెలకోసారి మా ఇంట్లో చదువరులు కలుస్తారు. డోన్ నుంచి ఒకరు, పాములపాడు నుంచి ఇద్దరు బస్సెక్కి వస్తారు. ఏ సిరీస్ గురించైనా నోరు విప్పేముందు ఎంతవరకు చదివారో చెప్పాలి. మిగతా ఊళ్లవాళ్లు ఫోనులో అడుగుతారు. సుజాత టీచరు చదవమందంటే వాళ్లు రెండో మాట అడగరని నా చెవిన పడినప్పుడు, దాచుకోవడం ఎందుకు, గర్వంగానే ఉంటుంది. ఆ గర్వంలో సగానికి పైగా షరీఫక్కదే.

మొన్న మిషను నూనె వాసన తగిలి ఇంటికొచ్చిన సాయంత్రం "ఉప్పుకోట" ఐదో భాగం మళ్లీ తీశాను. నాకిప్పుడు నలభై దగ్గరపడింది. రోజంతా నిలబడి పాఠం చెప్పి వస్తే నా కాళ్లూ నొస్తున్నాయి. ఆమె మీది ప్రేమతో, ఇప్పుడు నాకూ నచ్చిందని ఇంకో చీటీ రాద్దామని కూర్చున్నాను. ముగింపు రెండుసార్లు చదివాను. ఆమె ఎందుకలా అందో ఇప్పుడు బాగా అర్థమైంది. అయినా నాకు నచ్చలేదు. ఖాళీ కాగితం మడిచి బీరువాలో పెట్టేశాను.