ఎవరి సమాధికి ఎవరి సున్నం

నేను పనిచేసేది ఒక బీమా కంపెనీ క్లెయిముల విభాగంలో. మనిషికి ఎన్ని రకాలుగా ఆపద రావచ్చో తెలుసుకుంటూ ఉండటానికి నెలనెలా జీతం ఇస్తారు. పెళ్లి ఊరేగింపులో గుర్రం తన్నిన కేసు నుంచి, మేడ మీద ఆరబెట్టిన వడియాలు తీయబోయి జారిపడిన కేసు దాకా అన్నీ నా బల్ల మీదుగానే పోతాయి. కనుక మా అమ్మ గుండెలో ఒక వాల్వు పాడైందని, దాన్ని మార్చాలని డాక్టరు చెప్పినప్పుడు, నేను మిగతా కొడుకుల్లా మామూలుగా భయపడలేదు. కొంత నైపుణ్యంతో భయపడ్డాను.

అమ్మ మాత్రం చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, కూరగాయల ధర విన్నంత శ్రద్ధగా విన్నది.

"మార్చుండ్రి సారూ. ఇంట్ల నల్లా కారితె వాషర్ మారుస్తం గద," అంది.

"అంత సులువు కాదమ్మా. పెద్ద ఆపరేషన్," అన్నాడు డాక్టరు.

"మా ఆయన ఉంటె ఇంట్లనే మార్చెటోడు."

మా బాపు నీళ్ల శాఖలో ఫిట్టరు. పోయి కొన్నేళ్లయింది. డాక్టరుకు ఈ సంగతి తెలియదు కనుక నవ్వాలా వద్దా అని కాసేపు ఆలోచించి, చివరికి మందుల చీటీ వైపు చూశాడు.

ఆపరేషన్ ఈస్టర్ మర్నాడు, సోమవారం. ఆదివారం సాయంత్రమే ఆసుపత్రిలో చేరాలి. అప్పటిదాకా బరువులు ఎత్తొద్దు, మెట్లు ఎక్కొద్దు, మనసు ప్రశాంతంగా ఉంచుకోవాలి అన్నారు. మొదటి రెండూ అమ్మకు, మూడోది నాకు అని అర్థమైంది.

మాది తాతల నాటి నుంచి క్రైస్తవ కుటుంబం. ఉప్పుగూడలో రైలు పట్టాలకు దగ్గర్లో ఇల్లు. మా ఇంటి ప్రార్థనలో ఎవరు ఎంత మెల్లగా మొదలుపెట్టినా రైలు వచ్చేసరికి గొంతు పెంచక తప్పదు. ఆ రకంగా మా భక్తి బయటివాళ్లకు చాలా గట్టిగా వినిపించేది. ఆదివారం చర్చిలో అందరం లేచి నిలబడి విశ్వాస ప్రమాణం చెబుతాం. దేవుడి మీద నమ్మకం, పాపక్షమాపణ, అన్నీ నేను స్పష్టంగానే చెప్పేవాణ్ని. చివర్లో చనిపోయిన శరీరాలు తిరిగి లేస్తాయనే మాట దగ్గర మాత్రం, బాపు పోయినప్పటి నుంచి, నాకొక దగ్గు వచ్చేది. ఎవరితోనూ వాదన పెట్టుకోలేదు. చదువుకున్నవాణ్ని, పైగా క్లెయిములు చూసేవాణ్ని. ఒకసారి మూసిన ఫైలు మళ్లీ తెరుచుకోవడం మా ఆఫీసులో నేనెన్నడూ చూడలేదు.

అంతదాకా అది ఆదివారం నాటి సందేహం. వారానికొకసారి వచ్చి, దగ్గి, పోయేది. అమ్మకు తేదీ ఇచ్చిన రోజు నుంచీ అది ఇంట్లోనే ఉండటం మొదలుపెట్టింది. బాపు లేవడన్నది నిజమైతే, సోమవారం అమ్మకు ఏమన్నా జరిగితే ఆమె కూడా లేవదు. లెక్క చాలా సూటిగా ఉంది. నాకు ఎక్కడా తప్పు కనబడలేదు. అన్నం మాత్రం సహించడం మానేసింది.

మా చర్చి వాళ్లలో ఒక అలవాటు ఉంది. ఈస్టర్ ముందటి శనివారం ఎవరి వాళ్ల సమాధులు వాళ్లు శుభ్రం చేసి సున్నం వేసుకుంటారు. ఆదివారం సూర్యుడు రాకముందే అందరూ కొవ్వొత్తులు పట్టుకుని అక్కడికే వచ్చి, ఎవరి సమాధి దగ్గరని లేకుండా చీకట్లో గుంపుగా నిలబడి పాటలు పాడి, ప్రార్థన చేసి, ఆ తర్వాత చర్చికి పోతారు. ఈసారి అమ్మను ఇంట్లోనే ఉండమన్నాను.

"బరువులు లేపొద్దన్నరు. బకెట్ నువ్వు లేపుతవ్. నేను ఉత్తగ నిలవడి వంకలు వెడత," అంది.

వంకలు పెట్టడం గుండెకు మంచిదా కాదా డాక్టరును అడగలేదు కనుక ఒప్పుకున్నాను.

శుక్రవారం బేగంబజార్‌లో సున్నం, నీలిమందు, కుంచె కొన్నాను. దుకాణం సేటు, "ఇంటికా అన్నా?" అని అడిగాడు.

"కాదు భాయ్. మా బాపుకు."

ఆయన కనురెప్ప కూడా ఆడించలేదు. అందించిన నీలిమందు పొట్లం వెనక్కి తీసుకుని, లోపలి నుంచి ఇంకొకటి తెచ్చాడు. "అట్లయితె ఇది తీస్కపో. ఇంటికంటె జర ఎక్కువ రోజులుండాలె గద."

బాపు సమాధికి రాయి లేదు. పాతిపెట్టినప్పుడు కర్ర సిలువ పెట్టాం. ఏడాది తిరిగాక పేరు చెక్కిన రాయి పెట్టడం రివాజు. అమ్మ వద్దంది. "ఇద్దరికి ఒక్కటే రాయి. ఆయన జర ఆగుతడు తియ్యి," అంది. బాపు ఆగాడు కానీ చెదలు ఆగలేదు. సిలువ పోయింది. ఇక మాకు గుర్తు ఒక్కటే. గోడ పక్క వరసలో, గన్నేరు చెట్టు కింద, సిమెంటు గట్టు కట్టి, సున్నం వేసి ఉన్నది మాది. కొన్నేళ్లు మేం వెళ్లేసరికి కొత్త సున్నం వేసి ఉండేది. వాచ్‌మన్ భక్తితో వేశాడనుకుని చాయ్‌కి ఏదో చేతిలో పెట్టేవాళ్లం. ఆయన సలాం చేసి తీసుకునేవాడు.

ఆ శనివారం ఆటో దిగి, బకెట్ మోసుకుంటూ గన్నేరు చెట్టు దగ్గరికి వెళ్లేసరికి, బాపు మీద ఒక ఆవిడ కూర్చుని ఉంది. యాభై దాటిన మనిషి. కొంగు నడుముకు దోపి, గట్టుకు సున్నం వేస్తోంది. పక్కన భర్త బకెట్ పట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, అది మా బాపుది," అన్నాను, బస్సులో సీటు సంగతి చెప్పినంత మర్యాదగా.

ఆవిడ కుంచె ఆపలేదు. "ఏంది తమ్మీ? ఇది మా అత్తది. రాయి వెట్టకపోయినా మస్తు ఏండ్ల సంది సున్నం వేస్తున్నం."

"మేం గూడ వేస్తున్నం."

"నువ్వెందుకేస్తవ్ మా అత్తకు?"

ఆమె భర్త బకెట్ కింద పెట్టాడు. "ఆగు ఆగు. రెండు మూడు సార్లు మేం రాకముందే సున్నం వడి ఉన్నది. అది మీరేనా? మేం వాచ్‌మన్ అనుకున్నం."

"మేము గూడ గదే అనుకున్నం," అంది అమ్మ.

నలుగురం ఒకేసారి వాచ్‌మన్ వైపు తిరిగాం. ఆయనకు సరిగ్గా అప్పుడే గేటు దగ్గర పని గుర్తొచ్చింది. పిలిస్తే వచ్చాడు.

"మేరేకు క్యా మాలూమ్ అమ్మా? ఏ దోనో మేరే ఆనే కే పైలే కే హై," అన్నాడు. తనకేం తెలుసని, ఈ రెండూ తను రాకముందువేనని. నిజమే, ఆయన పనిలో చేరింది ఆ తర్వాతనే.

"మరి చాయ్ పైసలు ఎందుకు తీస్కున్నవ్?" అన్నది ఆవిడ.

"ఆప్ దియే, మై లియా."

మీరిచ్చారు, నేను తీసుకున్నాను అని. సలాం చేసి మళ్లీ గేటు దగ్గరికి పోయాడు.

అప్పుడు చూశాం రెండోదాన్ని. ఆ సమాధి పక్కనే, అదే కొలత, అదే సిమెంటు గట్టు, మోకాలెత్తు గడ్డి. సిలువ లేదు. సున్నం మరక లేదు. ఒకటి బాపుది, ఒకటి ఆ అత్తగారిది. ఏది ఎవరిదో చెప్పగలిగిన మనిషి అక్కడ లేడు.

"మా అత్త పొట్టి మనిషి. గీ పెద్దది మా అత్తది గాదంటవా?" అంది ఆవిడ.

"మా బాపు గూడ పొడుగేం గాదు," అన్నాను.

"రెండూ ఒక్క తీరే ఉన్నయి గదనే, పెద్దదేంది చిన్నదేంది," అని భర్త విసుక్కున్నాడు. విసుక్కుని, ఆ గడ్డి వైపు చూసి, మెల్లగా అన్నాడు: "అంటె ఇన్నేండ్లు మా అమ్మ కాడికి ఎవ్వలు రానట్టేనా?"

లొల్లి అక్కడితో ఆగిపోయింది.

ఏటా ఈ గట్టు పక్కన నిలబడి బాపుకు మనసులో అన్నీ చెప్పుకునేవాణ్ని. ప్రమోషన్ రాలేదని, వంటింటి కప్పు కారుతోందని. అవన్నీ ఒక పరాయి అత్తగారు ఓపిగ్గా విని ఉండవచ్చు. నవ్వు రావలసిన విషయమే. వచ్చింది కూడా. కానీ దాని వెనకే ఇంకొకటి వచ్చింది. మా చేతులతో మట్టి వేసిన మనిషిని మేం నిలుపుకోలేకపోయాం. ఇంత చిన్న స్థలంలో పోగొట్టుకున్నాం. ఇక సోమవారం అమ్మ పోతే ఆమెను ఎక్కడని పెట్టుకోను?

అమ్మ ఒక చదును రాయి చూసుకుని కూర్చుంది. ఆయాసం తగ్గేదాకా ఆగి, "రేపు పొద్దుగాల ఏం పండుగ?" అని నన్ను అడిగింది.

"ఈస్టర్."

"ఆనాడు ఆ ఆడోళ్లు గూడ పొద్దుగాల్నే యేసయ్య గోరి కాడికి పోయిండ్రు. మన లెక్కనే సామాన్లు వట్టుకొని. తొవ్వ పొడుగూతా ఒక్కటే ఫికర్, ఆ పెద్ద రాయి ఎవలు జరుపుతరని. పోతె ఏమున్నది? రాయి జరిగి ఉన్నది. మనిషి లేడు. ఆయన లేసి ఎప్పుడో పోయిండు. గోరి కాడికి పోయి మనిషి దొరకలేదని పరేశాన్ అయినోళ్లు మనమే మొదటోళ్లమా?"

ఆవిడ కుంచె బకెట్లో పెట్టేసింది.

"మనకు యాది లేదు. నిజమే. లేపెటోనికి యాదున్నది. ఆయన మన సున్నం జూసి లేపుతడా?" తర్వాత ఆవిడ భర్త వైపు తిరిగింది. "తమ్మీ, మీ అమ్మ కాడికి ఎవ్వలు రాలేదనకు. మేమొచ్చినమో మీరొచ్చిండ్రో, ఎవలో ఒకలం వచ్చినం. మిగిలింది ఆయన జూస్కుంటడు. పోయి ముందుగాల గా గడ్డి గుంజుండ్రి."

ఆకాశం తెరుచుకోలేదు. ఎండ అలాగే కాస్తోంది. వృత్తిధర్మంగా ఆ మాటలో లోపం కోసం వెతికాను. వెతుకుతుంటే అసలు లోపం నా లెక్కలో కనబడింది. ఇన్నేళ్లుగా చనిపోయినవాళ్లను కాపాడే బాధ్యత నా మీద ఉన్నట్టు అనుకున్నాను. గుర్తు పెట్టుకోవడం, గుర్తులు నిలబెట్టడం, ఎముకలు ఎలా చేరతాయి, మట్టిలో మట్టి ఎలా విడిపోతుంది, ఇవన్నీ నేనే తేల్చాలన్నట్టు. లేపడం నా పని కానప్పుడు గుర్తుంచుకోవడం కూడా నా పని కాదు. ఆఫీసు భాషలో చెప్పాలంటే, అది నా సెక్షన్ కాదు. ఇంత హాయి నాకు మామూలుగా శనివారం మధ్యాహ్నం కూడా కలగదు.

రెండిటికీ సున్నం వేశాం. ఆవిడ నా పని చూసి ఊరుకోలేకపోయింది.

"నీలి ఎక్కువైంది తమ్మీ. మీ బాపు మొత్తం నీలంగ అయిండు."

"ఇది మీ అత్త గావొచ్చు."

"అయితె మంచిగనే ఉన్నది," అంది.

మర్నాడు తెల్లవారుతుండగా రెండు కుటుంబాలం ఆ రెండు సమాధుల మధ్య నిలబడ్డాం, ఏ కౌంటరు తెరుస్తారో తెలియని జనంలాగా. చుట్టూ కొవ్వొత్తులు. పాస్టరుగారు ముందు నిలబడి క్రీస్తు లేచాడని గట్టిగా చెప్పారు. నిజంగా లేచాడని అందరం బదులు చెప్పాం. ఏటా చెప్పేదే. ఆ మాట నా నోట్లోంచి దగ్గు లేకుండా, కొంచెం ఎక్కువ గట్టిగా వచ్చింది. పక్కనున్న ఆవిడ తిరిగి చూసింది. మూసిన ఫైలు తెరుచుకోదు అన్నది నా నియమం. ఒక్కటి తెరుచుకుంటే చాలు, నియమం పోతుంది. ఆ ఒక్కటి తెరుచుకుందనే కదా ఇంతమంది పొద్దున్నే లేచి వచ్చింది. ఈ సంగతి నాకు ఆదివారం బడి నుంచీ తెలుసు. ఆ వేళ మాత్రం నాకు ఉపయోగపడింది.

సోమవారం ఉదయం ఆపరేషన్ థియేటర్ తలుపు దగ్గర అమ్మను చక్రాల మంచం మీద ఆపారు. ఆకుపచ్చ గౌనులో చాలా చిన్నగా కనిపించింది. నోట్లోంచి పళ్లసెట్టు తీసి, రుమాలులో చుట్టి, నా చేతిలో పెట్టింది. అవి లేకుండా ఆమె మాట సగం గాలి. దగ్గరికి వంగితేనే తెలుస్తుంది.

"పండ్లు పైలం. ఇక్కడికే తిరిగొస్తె గావాలె."

"రాకేమైతదే అమ్మా."

"ఏమో. అక్కడికే పోతె ఇవి అక్కరలేదు. అక్కడ కొత్తయే ఇస్తరు." కళ్లతో నవ్వింది. "నువ్వు పోయి ఏమన్న తిను."

తలుపు మూసుకుంది. కిందికి పోయి రెండు ఇడ్లీలు తిన్నాను. పైకి వచ్చి వెయిటింగ్ హాల్లో కూర్చున్నాను. అలవాటుగా ఫోను తీసి, వాల్వు ఆపరేషన్లలో ఏమేం జరగవచ్చో చదవబోయి, లోపల పెట్టేశాను. నా ప్రార్థనలు మామూలుగా పాలసీ షరతుల్లా పొడుగ్గా ఉంటాయి. ఆ రోజు ఒక్క మాటే వచ్చింది: "ఆమె నీకు యాదున్నది గద." ఆ తర్వాత చెప్పడానికి ఏమీ మిగల్లేదు. ఫికర్ పూర్తిగా పోయిందనను. పక్క కుర్చీలోకి జరిగింది. నాకు కాళ్లు చాపుకోవడానికి చోటు దొరికింది.

ఎవరో భుజం తట్టి లేపారు. నర్సు.

"లోపల మీ అమ్మకు ఆపరేషన్ జరుగుతుంటే నిద్రపోయారా సార్?"

"అవునమ్మా."

ఆ అమ్మాయి నన్ను కాస్త వింతగా చూసింది. "అయిపోయింది. బాగానే జరిగింది. రేపు చూడొచ్చు."

ఇంకోలా జరిగి ఉన్నా నేను ఇది రాసేవాణ్ని. చాలా ఆలస్యంగా, ఇన్ని నవ్వులు లేకుండా రాసేవాణ్ని, అంతే.

మర్నాడు ఐసీయూలోకి ఒక్కణ్నే పంపారు. గొంతులోంచి గొట్టం తీసేశారు. అమ్మ కళ్లు తెరిచే ఉంది. నన్ను చూసి ఏదో అంది. నర్సుకు అర్థం కాలేదు.

"పొద్దుట్నుంచి అదే అడుగుతున్నారు సార్. నొప్పేమో అనుకుంటున్నాం."

నేను వంగి చెవి ఆమె నోటి దగ్గర పెట్టాను.

"పండ్లు కడిగినవా?" అంది.