సోలెడు గింజల టిక్కెట్టు

డుంబ్రిగుడ జీపు పోలయ్యకు డీజిలంటే గిట్టదు. దారిలో బంకు కనిపిస్తే, మాటల్లేని వియ్యంకుడు ఎదురైనట్టు మొహం తిప్పుకునేవాడు. బండిని కానుగ నూనెతోనే నడపాలని ఆయన పంతం. "మన సెట్టున కాసినదొగ్గేసి, ఎక్కడో ఎడారిలో తవ్విందానికి దేబిరించడమేటి?" అని సంతలో అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పేవాడు.

అందుకే జీపెక్కాలంటే టిక్కెట్టు సోలెడు కానుగ గింజలు. ఓసారి దేవీప్రసాద్ మేష్టారు నోటు చూపించారు.

"మరలో నోటేత్తే నూనొత్తాదేటి మేష్టారూ? అదిగో సెట్టు. బేగి ఏరుకురండి."

మేష్టారు ఇస్త్రీ ప్యాంటు మడిచి ఏరుతుంటే, జీపులో జనమంతా "అటేపు, అటేపు" అని దారి చూపించారు. ఆయన ఆవేళ బడికి ఆలస్యంగా వెళ్లారు.

ఇవన్నీ సహించిన పోలయ్య భార్య చిన్నమ్మలుకు చలికాలం వస్తే మాత్రం ఒళ్లు మండేది. ఆ చలికి నూనె నెయ్యిలా పేరుకుపోయి బండి దగ్గి దగ్గి ఆగిపోయేది. పోలయ్య గుట్టుగా కొండ దిగి డీజిలే పోయించుకొచ్చేవాడు. అయినా టిక్కెట్టు గింజలే! ఆడని గింజల బస్తాలు ఇంట్లో మంచాల దాకా పేరుకుపోయేవి.

"బండి తాగేది డీజిలు, నువ్వట్టుకునేది గింజలు! ఏటి సేత్తన్నావు?"

"నువ్వూరుకోయే."

ఓ డిసెంబరులో అరకులో కంటి శిబిరం పెట్టారు. ఆఖరిరోజున జీపు అక్కడికే బయల్దేరుతుంటే, కళ్లకు పొరలు కమ్మిన దేముడమ్మ తడుముకుంటూ వచ్చింది. కొండమీద ఒంటరి మనిషి. ముందు సీట్లో ఉన్న చిన్నమ్మలుకు జాలేసింది.

"ఊరికే ఎక్కమ్మా!"

అంతే, ముసలమ్మ గిరుక్కున వెనక్కి తిరిగింది. ఊరికే ఇస్తే గంజి కూడా ముట్టని మనిషి మరి.

పోలయ్య గట్టిగా కేకేశాడు. "ఊరికేటి? గింజల్లేకుండా నా బండి కదల్దు. ఉన్నాయా, లేవా?"

దేముడమ్మ ఆగింది. కొంగుముడి విప్పింది. పోలయ్య సోల పట్టి కొలిచి, "తక్కువున్నాయి. ఇంకో గుప్పెడెయ్యి" అని కచ్చితంగా అడిగి మరీ పోయించుకున్నాడు. ఆమె మొహం విప్పారింది. ఎక్కబోతూ గాలి పీల్చింది.

"కానుగ కంపు రాలేదేటి?"

చలికాలంలోనూ మొగుడు గింజలే ఎందుకడుగుతాడో చిన్నమ్మలుకు అప్పుడు తెలిసొచ్చింది. చప్పున తనే అందుకుంది.

"నీకు జలుబు సేసుంటాదమ్మా. మా ముక్కులు పగిలిపోతన్నాయి. బేగి ఎక్కు!"

దేముడమ్మ బండి యజమానిలా దర్జాగా కూర్చుంది. "పాపం, నేనియ్యకపోతే నీ బండి ఆగిపోయేది. సూపొచ్చాక బస్తాడు ఏరిత్తాను, బెంగెట్టుకోకు బాబూ."

పోలయ్య భార్య వైపు బిక్కుబిక్కుమంటూ చూశాడు.

"ఏరమ్మా, ఏరు. మంచాలు బయటేసుకుంటాంలే" అంది చిన్నమ్మలు.