ఫార్మాట్ కొట్టిన పాటలు

మొన్న ఉదయం చాయ్ తాగి, కరెంటు బిల్లు కడదామని మా ఇంట్లో ఉన్న పాత లాప్‌టాప్ తెరిచి పాస్‌వర్డ్ కొట్టాను. తెర ఒక్కసారి నల్లబడి, మళ్లీ పాస్‌వర్డ్ అడిగే చోటికే వచ్చి నిలబడింది. ఇంకోసారి కొట్టినా అంతే, ఎన్నిసార్లు కొట్టినా అంతే. పాస్‌వర్డ్ తప్పయితే తప్పని చెబుతుంది కదా, అది కూడా చెప్పలేదు. అది లినక్స్ ఉన్న మిషను. కంట్రోలు, ఆల్టు, ఎఫ్ త్రీ మూడూ కలిపి నొక్కితే బొమ్మలేవీ లేని ఉత్త అక్షరాల తెర వచ్చింది. అక్కడ పేరూ పాస్‌వర్డూ ఇచ్చి, డిస్కులో ఖాళీ ఎంతుందని అడిగితే ఏమీ లేదన్నది. నిండుకుండలా ఉన్న డిస్కులో చిన్న కాగితం ముక్క రాసుకోవడానికి కూడా చోటు లేక, పాపం, లోపలికి రానివ్వలేకపోయింది. పనికిరాని పాత ఫైళ్లు కొన్ని తీసేసి మళ్లీ మొదలుపెడితే, ఏమీ ఎరగనట్టు తెర మామూలుగా వచ్చింది. అంతా కలిపి పది నిమిషాలు పట్టిందేమో. నేను మాత్రం బిల్లు సంగతి మరిచిపోయి, ఆ కుర్చీలోనే చాలాసేపు కూర్చుండిపోయాను.

ఎందుకంటే సరిగ్గా ఇదే జబ్బుతో మా మేనమామ ఒకప్పుడు తన లాప్‌టాప్‌ను నా చేతికి తెచ్చి ఇచ్చాడు, నేను దాన్ని చంపాను. ఈ మాట ఇంత సూటిగా రాయడం నాకు ఇదే మొదటిసారి.

మాది మెట్‌పల్లి. డిగ్రీ అయ్యాక కరీంనగర్‌లో ఒక కంప్యూటర్లు బాగుచేసే దుకాణంలో పనికి కుదిరాను. నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో కంప్యూటరున్న గదికి వెళ్లాలంటే చెప్పులు బయట విడిచేవాళ్లం, పని అయిపోగానే దాని మీద పూల గుడ్డ కప్పేవాళ్లం, దుమ్ము పడితే పాపమన్నంత భక్తి ఉండేది. అటువంటి రోజుల్లో ఒక ఆడపిల్ల స్క్రూడ్రైవరు పట్టుకుని డబ్బా విప్పుతుంటే జనం నిలబడి చూసేవాళ్లు. దుబాయి నుంచి తెచ్చిన, మీటల మీద అరబ్బీ అక్షరాలున్న లాప్‌టాప్‌లు వారానికి నాలుగైనా వచ్చేవి. అవి ముందు పెట్టుకుని నేను పడిన టెక్కు ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట, నాకు వచ్చిన నాలుగు ముక్కల విద్యకు నేను పట్టని గొడుగు లేదు.

మా దుకాణంలో అన్ని రోగాలకూ ఒకటే మందు, ఫార్మాట్ కొట్టడం. వచ్చిన ప్రతి మిషను డిస్కునూ రెండు భాగాలు చేసేవాళ్లం, ఒక దాంట్లో కంప్యూటరు నడవడానికి కావలసినవి, రెండో దాంట్లో మనిషి దాచుకున్నవి. ఏ తంటా వచ్చినా మొదటి భాగాన్ని తుడిచి కొత్తగా ఎక్కించేస్తే గంటలో పని అయిపోయేది, మనిషి సామాను మనిషికి ఉండేది. అందుకే ఎవరినీ ఏమీ అడిగే అలవాటు లేదు. ఏం జబ్బో కనుక్కునే అలవాటు అసలే లేదు.

మేనమామ, అంటే మా అమ్మకు సొంత తమ్ముడు, జైనూర్ దగ్గరి ఆశ్రమ పాఠశాలలో సారు. ఆ పక్క గూడెంలో ప్రధాన్ తెగ తాత ఒకాయన ఉండేవాడు. కిక్రి అనే తీగల వాయిద్యం వాయిస్తూ గోండుల వంశాల కథలు పాడడం వాళ్లకు తరతరాల వృత్తి. ఏ ఇంటికి ఏ దేవుడు, ఆ దేవుడు ఏ గుట్ట దిగి ఎట్లా వచ్చాడు, అంతా పాటలోనే ఉండేది, రాసి పెట్టుకున్నది ఒక్క అక్షరం లేదు. తాత కొడుకులకు అది పట్టుబడలేదు. మామకు గోండి కొద్దికొద్దిగా వచ్చు. మూడు చలికాలాలు, బడి విడిచాక ఆ గూడేనికి నడిచి వెళ్లి, తాత ముందు కూర్చుని, ఆయన పాడినన్నీ రికార్డు చేసి, బడికి ఎవరో దాతలు ఇచ్చిన ఒక లాప్‌టాప్‌లో దాచాడు. అది లినక్స్ మిషను. పాటలు నిండి నిండి, ఒకరోజు అది లోపలికి రానివ్వడం మానేసింది.

రెండు బస్సులు మారి, దాన్ని తువాలలో చుట్టుకుని మామ దుకాణానికి వచ్చిన రోజు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. బల్ల మీద పెట్టి, మెల్లగా చెప్పాడు.

"జర పైలం బిడ్డా. తాతకు మొన్న పక్షవాతమొచ్చి మాట పడిపోయింది. ఇగ ఆయన పాటలున్నయంటే గిండ్లనే ఉన్నయి."

"ఫికర్ చెయ్యకు మామా, సామానంత వేరే దిక్కుంటది, అటు దిక్కు నేను పోనే పోను" అన్నాను.

మామ చాయ్ తాగి, పనులు చూసుకుని సాయంత్రం వస్తానని వెళ్లిపోయాడు. నేను లినక్స్ సీడీ పెట్టాను. డిస్కులో ఉన్నవన్నీ పోతాయి, సరేనా అని అది అడిగింది. అడిగింది, నాకు బాగా గుర్తు. కానీ రోజుకు పదిసార్లు నొక్కే మీట అది, కళ్లు చదివేలోపే వేలు నొక్కేసింది. ఆ మిషనుకు రెండు భాగాలు లేవు. అంతా ఒకటే. అది తెలిసేసరికి గంట గడిచింది, కొత్త తెర నీలంగా మెరుస్తూ వచ్చింది, లోపల ఒక్క పాట లేదు.

అప్పుడైనా మామ రాగానే కాళ్ల మీద పడి ఉంటే బాగుండేది. నేనేం చేశానో వినండి. దుకాణం మూలన చెడిపోయిన డిస్కుల గుట్ట ఒకటి ఉండేది. అందులోంచి ఒకటి తీసి దుమ్ము దులిపి, మామ చేతిలో పెట్టి, నీ డిస్కు కరాబయింది మామా, కొత్తది వేసిన, నాతోని కాలే అని చెప్పాను. మామ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "నీదేమున్నది బిడ్డా, మిషన్ గద" అని నన్నే ఓదార్చి, ఆ పనికిమాలిన డిస్కును అంగీ జేబులో భద్రంగా పెట్టుకుని బస్సెక్కాడు. తాత మళ్లీ మాట్లాడలేదు. వచ్చే వానల్లోనే పోయాడని విన్నాను.

తర్వాత నేను దుకాణం మారాను, పెళ్లయింది, కాలం గడిచింది. మామ పోయి కూడా నాలుగేళ్లు దాటింది. తప్పు చేశానన్న బాధ కన్నా, దొరకలేదన్న ధైర్యమే ఇన్నేళ్లూ నన్ను నడిపించిందని ఒప్పుకోవాలి.

మొన్న ఆ తెర బాగుపడ్డాక ఇక ఆగలేక జైనూర్‌లో ఉంటున్న అత్తకు, అంటే మామ భార్యకు, ఫోన్ చేసి అంతా చెప్పేశాను.

"మీ మామకు ఎరుకేనే బిడ్డా" అన్నది. "ఏడాదైనంక ఆదిలాబాద్‌ల ఒకాయనకు ఆ డిస్కు సూపెట్టిండు. అండ్లకెల్లి ఎవలియో పెండ్లి ఫోటోలు ఎల్లినయట. అసలుది ఆ మిషన్లనే ఉన్నది సారూ, తుడిసినప్పుడే తెచ్చి ఉంటే సగమన్న తీసిస్తుంటి అన్నడట. గప్పటికే బడి పోరగాండ్లు ఆ పాటలున్న జాగల ఏమేమో ఎక్కిచ్చి నింపిండ్రు."

మరి నన్ను ఒక్క మాట కూడా ఎందుకు అడగలేదని అన్నాను.

"నేనూ గదే అడిగిన. అక్క బిడ్డను దొంగను చేస్తనా, దానంతట అదే చెప్తది తియ్యి అన్నడు."

అప్పుడు గుర్తొచ్చింది. కరీంనగర్‌కు ఏ పని మీద వచ్చినా మామ దుకాణానికి రాకుండా పోయేవాడు కాదు. స్టూలు లాక్కుని కూర్చుని, చాయ్ తాగి, ఇంకేంది బిడ్డా ముచ్చట అనేవాడు. నేను నోటికొచ్చినవన్నీ చెప్పేదాన్ని. ఇంకేంది అని మళ్లీ అనేవాడు. మేనకోడలంటే ఎంత ప్రేమో చూడండని దుకాణంలో అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. తుడిచినదానికన్నా అబద్ధం చెప్పినందుకే పాటలు పోయాయని ఆయనకు తెలుసు, తెలిసి కూడా ఆ స్టూలు మీద కూర్చునేవాడు.

ఇప్పుడు ఏ జబ్బుకు ఏ మందో ఫోనులో అడిగితే పసిపిల్లలకైనా తెలుస్తుంది, ఒక బొమ్మ తీస్తే మనకు తెలియకుండానే దానికి రెండు నకళ్లు తయారవుతున్నాయి. జైనూర్ గూడేల్లో కూడా ప్రతి చేతిలో ఫోనుంది, పాడితే చాలు, పాట నిలిచిపోతుంది. పాడవలసినవాళ్లే లేరు. తాత కొడుకుల్లో ఒకడు ఆటో నడుపుతున్నాడట, ఇంకొకడు పత్తి మిల్లులో పనికి పోతున్నాడట. వాళ్ల నాయన పాటలు మిషనులో వాటంతటవే పోయాయనే ఇంకా అనుకుంటున్నారట.

"నాకు చెప్పుడు గాదు బిడ్డా, వచ్చి ఆ ఇంట్ల చెప్పు" అన్నది అత్త, ఫోన్ పెట్టేసే ముందు.

వస్తానని అన్నాను. ఒకప్పటిలా కాదు, రోడ్డు బాగుపడింది, పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి చేరవచ్చు. వారం దాటింది, ఇంకా వెళ్లలేదు.