ఎంగిలికి చైనీస్ మాట

శనివారం సాయంత్రం నాలుగుంపావుకి, మా అమ్మాయికి కాబోయే అత్తగారు నా చేతిలోని పండు ముక్క తీసుకోలేదు.

అది పియర్ పండు. నేనే కొన్నాను, నేనే కడిగాను. రెండుగా కోసి, గింజలు తీసి, సగం ఆవిడకి ఇవ్వబోయాను. ఆవిడ రెండు చేతులూ అడ్డంగా ఊపి, కుర్చీలో కొంచెం వెనక్కి జరిగి, నవ్వింది. ఆ నవ్వు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మన చేతి వస్తువు వద్దనుకున్నవాళ్లు, వద్దన్న సంగతి మనం పట్టించుకోకూడదని నవ్వే నవ్వు.

ఐర్లండ్‌లో, రింగాస్కిడీ అనే చోట, ఒక మందుల ఫ్యాక్టరీలో నా పని నాణ్యత తనిఖీ. అనుమానపడటానికే నాకు జీతమిస్తారు. మనుషులు చెప్పేది వింటాం, రాసుకుంటాం. కానీ నమ్మేది మాత్రం ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడు వాళ్ల చేతులు ఏం చేశాయన్నదాన్ని. ఈ అలవాటు ఆఫీసులో వదిలేసి రమ్మని మా ఆవిడ చాలాసార్లు చెప్పింది. ఆవిడ పోయిన చలికాలంలో చనిపోయింది.

పెళ్లి మాట అంతకుముందే మొదలైంది. తల్లి పోవడంతో అమ్మాయి దాన్ని పక్కన పెట్టింది. అబ్బాయి కార్క్‌లో పుట్టి పెరిగినవాడు. వాళ్లమ్మ ఉత్తర చైనా నుంచి వచ్చి ఇక్కడ ముసలివాళ్లుండే ఒక నర్సింగ్ హోమ్‌లో వాళ్లని చూసుకునే కేరర్‌గా పనిచేస్తోంది. మా ఆవిడ అబ్బాయిని చూసింది కానీ వాళ్లమ్మని చూడలేదు. ఆ పని నాకు మిగిలింది. ఆ రోజు పొద్దున అమ్మాయి నాతో రెండు మాటలు చెప్పింది.

"నాన్నా, ఇవాళ ఎవరినీ ఆడిట్ చెయ్యకు." ఆ తర్వాత, "నీకు కుదరదనిపిస్తే చెప్పు. అమ్మ లేదు. నీక్కూడా ఇష్టం లేకుండా నేను చేసుకోను" అంది.

అంటే పెళ్లి నా ఒక్క మాట మీద ఉంది. ఆ మాట చెప్పడానికి నాకు తగిన ఆధారాలు లేవు.

చైనా వాళ్లు నాకు కొత్త కాదు. మేం అక్కడ ఆరేళ్లున్నాం. తూర్పు తీరంలో, మందుల ముడిసరుకు తయారుచేసే ఫ్యాక్టరీలు వరసగా ఉన్న ఒక ఊళ్లో. వెళ్లినప్పుడు అమ్మాయికి మూడేళ్లు. నాకు వచ్చిన చైనీస్ అంతా ఫ్యాక్టరీ చైనీస్: వాల్వు, బ్యాచ్, ఉష్ణోగ్రత, తప్పు, మళ్లీ చెయ్యండి. మా ఆవిడకి అక్కడ ఉద్యోగం చేసే అనుమతి లేదు. అందుకని ఆవిడకి మెట్ల దగ్గరి చైనీస్ వచ్చింది, కూరగాయల బజారు చైనీస్ వచ్చింది. అమ్మాయికి మొత్తం వచ్చింది.

ఆ దేశంలో నేను మొదట నేర్చుకున్నది, మమ్మల్ని చూస్తుంటారని. ఊళ్లోకి వచ్చిన మర్నాటికల్లా పోలీస్ స్టేషన్‌లో పేర్లు రాయించుకోవాలి. సెలవులకి ఇండియా వెళ్లొస్తే మళ్లీ రాయించుకోవాలి. అపార్ట్‌మెంట్ల గేటు దగ్గర వాచ్‌మన్ గది, గది మీద కెమెరా. బజారులో ముసలివాళ్లు మా బుట్టలోకి తొంగి చూసి ఏం కొన్నామో ఒకరికొకరు చెప్పుకునేవాళ్లు. పాప ఉంగరాల జుట్టు ముట్టుకుని చూసేవాళ్లు. మంచివాళ్లే కావచ్చు. మంచివాళ్లు కూడా అడిగినవాళ్లకి సమాచారం చెప్తారు.

అందరికంటే ఎక్కువ నాకు అనుమానం కింది అంతస్తులో ఉండే పెద్దావిడ మీద. మెట్ల మొదట్లో చిన్న వెదురు పీట వేసుకుని చిక్కుడుకాయలు వలుచుకుంటూ కూర్చునేది. నేను ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి రోజూ ఒకటే ప్రశ్న: తిన్నారా?

"నేను ఎన్నింటికి వస్తున్నానో కనిపెడుతోంది" అన్నాను మా ఆవిడతో.

"మా పిన్ని కూడా వీధిలో వెళ్లేవాళ్లందర్నీ అదే అడిగేది. ఆవిడ ఏ పోలీసుకి చెప్పేదంటారు?"

"జీతం ఎంతని అడిగింది."

"మా పిన్నీ అడిగేది."

"అద్దె కూడా అడిగింది."

"అడిగి, ఎక్కువిస్తున్నారు, తగ్గించమని చెప్పండి అంది. ఆ సంగతి చెప్పరే?"

ఆ పెద్దావిడ పాపని స్కూలు నుంచి తీసుకొచ్చేది. పాపకి దగ్గొస్తే వేడి నీళ్ల ఫ్లాస్కు పట్టుకుని పైకొచ్చేది. కడుపునొప్పి వచ్చినా, పరీక్ష పోయినా ఆ ఊళ్లో అందరి మందూ వేడి నీళ్లే. ఎండ కాసిన రోజు మా బొంతలు కూడా తన బొంతలతో పాటు తీగ మీద ఆరేసేది. ఇవన్నీ చూసి కూడా నేను ఒక్క రోజు చూసినదాన్నే పట్టుకున్నాను. ఆ రోజు మా ఆవిడ మెట్ల మీద కూర్చుని పియర్ పండు కోసి సగం ఆవిడకి ఇవ్వబోయింది. పెద్దావిడ చేతులు అడ్డంగా ఊపింది. నేను పై మెట్టు మీద నిలబడి ఉన్నాను.

ఇంట్లోకి వచ్చాక, "ఇక్కడ కూడా ఉందన్నమాట" అన్నాను. ఏం ఉందో మా ఆవిడకి వేరే చెప్పక్కర్లేదు. మా ఇద్దరి ఇళ్లూ ఊరి చివర చర్చి ఉన్న పేటలోవే.

మర్నాడు మా ఆవిడ కారణం కనుక్కొచ్చింది. చైనీస్‌లో పియర్ పండుని "లీ" అంటారు. విడిపోవడాన్ని కూడా "లీ" అంటారు. పండుని పంచుకుంటే మనుషులు విడిపోతారట. అందుకని ఇష్టమైనవాళ్లతో పియర్ పండు సగం సగం తినరట.

"మన ఊళ్లో కూడా కారణాలకి కొదవుండేది కాదు" అన్నాను. "ఇవాళ ఉపవాసం. ఇప్పుడే తిన్నాం. ఇంట్లో పూజుంది. తీసుకోనివాళ్లు ఎప్పుడన్నా కారణం చెప్పకుండా ఊరుకున్నారా?"

"సరే, మీకు నిజం చెప్పినవాళ్లు కూడా సాక్షిని తెచ్చుకోవాలి" అని ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది.

నాకు శ్లేష మీద నమ్మకం లేదు. ఒక మాట ఇంకో మాటలా వినిపించడం యాదృచ్ఛికం. దాని మీద ఒక ఆచారం నిలబడిందంటే, కింద ఇంకేదో ఉండి ఉంటుందని నా చదువు చెప్పింది. పైకి అందంగా కనిపించే వివరణల్ని నేను పుస్తకాల్లో కూడా రెండోసారి చదువుతాను.

కాబట్టి శనివారం నాడు, పద్దెనిమిదేళ్ల తర్వాత, మా ఇంట్లో మా బల్ల దగ్గర అదే చెయ్యి అడ్డంగా ఊగినప్పుడు, కారణం నాకు తెలియక కాదు నేను బిగుసుకుపోయింది. తెలిసీ నమ్మక.

"నాన్నా, అది లీ గొడవ. అమ్మ చెప్పింది కదా" అంది అమ్మాయి ఇంగ్లీషులో. నాతో తను మాట్లాడేది చాలావరకు ఇంగ్లీషే, అదీ కార్క్ యాసలో. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"చెప్పింది. మన ఎంగిలి అనుకుంటున్నారేమో అడుగు."

"అలా ఎలా అడుగుతాను?"

"అనువాదం చెయ్యి. అంతే."

అమ్మాయి ఆవిడ వైపు తిరగబోయి ఆగింది. "ఎంగిలికి చైనీస్‌లో మాట లేదు నాన్నా."

"ఎంగిలి అంటే ఏంటి అంకుల్?" అన్నాడు అబ్బాయి.

"నోరు తగిలింది అని" అంది అమ్మాయి. "ఒకళ్లు తిన్నది, తాగింది, ఇంకొకళ్లు ముట్టుకోకూడదు."

"ఓ. సీసాలో నీళ్లు తాగితే మన ఉమ్ము మళ్లీ సీసాలోకి పోతుందే, అదా?"

"అదే. కానీ అందులో దేవుడు కూడా ఉంటాడు."

"భలే" అన్నాడు అబ్బాయి. నేను నవ్వలేదు.

వాళ్లమ్మ ఒక్కొక్కరి ముఖం చూస్తూ కూర్చుంది. చివరికి అమ్మాయి ఆవిడ వైపు తిరిగి చైనీస్‌లో ఏదో చెప్పింది. చాలా మాటలు పట్టాయి. మధ్యలో నోటి దగ్గర చెయ్యి పెట్టి చూపించింది. నాకు అర్థమైన మాట ఒకటే: మురికి. ఫ్యాక్టరీలో రోజూ వాడేవాళ్లం.

ఆ మాట వినగానే ఆవిడ ముఖంలో నవ్వు పోయింది. సింకులో ఉన్న పళ్లేల వైపు చూసింది. అప్పుడు మొదలుపెట్టి ఆపకుండా మాట్లాడింది. అబ్బాయి "మామ్, మామ్" అంటున్నాడు. అమ్మాయి ఒక్కో ముక్కా నాకు అందించింది.

"మధ్యాహ్నం ఆంటీ నీ పళ్లెంలో చేప ముక్క పెట్టిందట. చెంప దగ్గరిది, అన్నిటికంటే మంచి ముక్క. నువ్వు దాన్ని పళ్లెం అంచుకి జరిపి వదిలేశావట."

నిజమే. తను తింటున్న చాప్‌స్టిక్స్‌తోనే తీసి పెట్టింది. చైనాలో ఆరేళ్లూ ఫ్యాక్టరీ విందుల్లో ఇదే నాకు కష్టమయ్యేది. బల్ల మధ్యలో ఒక్క చేప, అందరి చాప్‌స్టిక్సూ దానిలోనే. నోట్లోకి వెళ్లినవి మళ్లీ గిన్నెలోకి. నేను అందరికంటే ముందు కొంచెం నా గిన్నెలోకి తీసుకుని, ఇంక ఆ చేప వైపు వెళ్లేవాణ్ని కాదు.

"తన చాప్‌స్టిక్స్ తగిలాయని తినలేదా, మేము మురికిగా ఉన్నామనా అని అప్పట్నుంచీ అనుకుంటోందట. ఇక్కడ నర్సింగ్ హోమ్‌లో ముసలివాళ్లు కొందరు తన చేత్తో తినిపించుకోరట. నీది కూడా అదేనేమోనట."

అంటే భోజనాల దగ్గర్నుంచీ ఆవిడ నన్ను అనుమానిస్తూనే ఉంది. నేను కోసిన పండు చూసి ఇంకా ఏమనుకుందో తర్వాత చెప్పింది. ఈ ఇంట్లో మనిషి పోయి ఏడాది కాలేదు. పిల్లలిద్దరూ ఎదురుగా కూర్చున్నారు. అలాంటి బల్ల మీద పియర్ పండు రెండు చేసి, ఇదుగో నీ సగం అంటే, ఈయనకి ఈ పెళ్లి ఇష్టం లేదని తిన్నగా చెప్పలేక ఇలా చెప్తున్నాడా అనుకుందట. చైనాలో ఆరేళ్లున్న మనిషికి ఇది తెలియకుండా ఎలా ఉంటుంది అంది.

ఆవిడ చెప్పినదంతా సబబుగానే ఉంది. సబబుగా ఉండటమే నన్ను ఇబ్బంది పెట్టింది. కొత్తగా వచ్చిన ఆడిటర్‌కి చెప్పే జవాబులన్నీ సబబుగానే ఉంటాయి. పిల్లలు ముందే నేర్పి తీసుకొచ్చి ఉండొచ్చు. లీ అనే మాట అమ్మాయి ఎలాగూ చెప్పి ఉంటుంది.

ఆవిడ ఇంకా మాట్లాడుతూనే ఉంది. ఇప్పుడు కొడుకుతో, విసుగ్గా, నన్ను వదిలేసి. గొంతు ఆరిపోయినట్టుంది. చూడకుండా చెయ్యి చాపి దొరికిన కప్పు తీసుకుని తాగింది. అది నా కప్పు. సగం తాగి వదిలేసిన నా పాల టీ, అంచున నా పెదవుల మరక కూడా కనిపిస్తోంది. ఆవిడ వేడి నీళ్ల కప్పు అవతలి వైపు నిండుగా ఉంది. ఆవిడ రెండు గుక్కలు తాగి, మాట పూర్తి చేసి, మళ్లీ తాగింది.

మా నాన్న వాళ్ల ఊళ్లో టీ కొట్టు గ్లాసులు రెండు రకాలుగా ఉండేవి. మా గ్లాసు బయట చూరులో దోపి ఉంచేవాళ్లు. మేమే కడుక్కుని, మేమే పెట్టాలి. పెద్ద ఉద్యోగాలు చేసిన స్నేహితుల ఇళ్లలో కూడా, మేం తాగిన కప్పు తియ్యడానికి ఒక్క క్షణం ఆగే చేతుల్ని నేను చూశాను. ఆగినట్టు వాళ్లకి తెలియదు. నాకు తెలుస్తుంది. ఈవిడ చెయ్యి ఆగలేదు.

"మామ్, అది అంకుల్ టీ" అన్నాడు అబ్బాయి.

ఆవిడ కప్పులోకి చూసింది, నా వైపు చూసింది, ముఖం చిట్లించి ఒక మాట అంది.

"ఏమంటోంది?" అన్నాను.

"ఇంత చక్కెరేంటి, ఈయనకి షుగర్ లేదా అంటోంది."

ఉంది. ఆ సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

వాళ్లు వెళ్లిపోయాక అమ్మాయి పళ్లేలు కడుగుతుంటే నేను తుడిచి ప్రెస్‌లో పెడుతున్నాను. ఇక్కడికొచ్చాక మేం కూడా అల్మారాని ప్రెస్ అనే అంటున్నాం. అమ్మాయి నా వైపు చూడటం లేదు.

"నాకు అభ్యంతరం లేదు" అన్నాను.

"దేనికి?"

"దేనికేమిటి? పెళ్లికి."

కుళాయి కట్టేసింది. "లీ సంగతి నమ్మావా చివరికి?"

"అది నాకు తెలియదు. ఆవిడ నా టీ తాగింది."

"టీ తాగిందని ఒప్పుకుంటున్నావా?"

"చూసుకోకుండా తాగింది."

"నువ్వు అన్‌రియల్ నాన్నా" అని తడి చేతులతోనే నా భుజం మీద తల ఆనించింది. ఏడుస్తోందో నవ్వుతోందో నేను పరీక్షించలేదు.

నా అనుమానాలన్నీ పోయాయని చెప్పను. ఆవిడ మా అమ్మాయి వంట గురించి కొడుకుతో ఏమంటుందో నాకు తెలియదు. మా పేట గురించి, మా దేవుడి గురించి ఎంత తెలుసో, తెలిస్తే ఏమనుకుంటుందో తెలియదు. పెళ్లి చర్చిలోనా, రిజిస్ట్రారు దగ్గరా అన్నది ఇంకా తేలలేదు. మా ఆవిడ ఉంటే ఈపాటికి అన్నీ కనుక్కుని వచ్చి, నా మీద నవ్వుతూ ఒక్కొక్కటే చెప్పేది.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం ఆవిడ నన్ను భోజనానికి పిలిచింది. ఎవరింటికైనా పిలుపు మీద వెళ్లేటప్పుడు మా నాన్న ముందు ఇంట్లో తినేవాడు. అక్కడ ఎక్కడ కూర్చోబెడతారో, దేనిలో పెడతారో తెలియదు కాబట్టి ఆకలితో వెళ్లకూడదు అనేవాడు. నాకూ అదే నేర్పాడు. హైదరాబాదులో, చైనాలో, ఇక్కడ ములింగార్‌లో మా ఆవిడ స్నేహితుల ఇళ్లకి వెళ్లినప్పుడు కూడా, కారెక్కే ముందు మా ఆవిడ నాకు రెండు ముద్దలు పెరుగన్నం పెట్టేది. తను తినేది కాదు. నన్ను ఎందుకని ఎప్పుడూ అడగలేదు కూడా.

ఆ ఆదివారం అలవాటు కొద్దీ కుక్కర్‌లో బియ్యం పోశాను. నీళ్లు పోయబోయి, బియ్యం మళ్లీ డబ్బాలోకి వంపేశాను. ఆకలితోనే వెళ్లాను. బల్ల మధ్యలో ఒక్కటే చేప ఉంది. ఆవిడ మళ్లీ చెంప ముక్క పెట్టింది. మింగడానికి కొంచెం కష్టపడ్డాను కానీ తిన్నాను. నేను తినేదాకా ఆవిడ నా పళ్లెం వైపే చూస్తూ ఉంది.

అప్పట్నుంచి నెలకోసారి వెళ్తున్నాను. వెళ్లే ముందు ఇంట్లో తినడం లేదు.