వాగొడ్డున భారతమ్మ

నీళ్లలో ఉండే చేపకు ఊపిరాడకపోవడం ఏమిటని మీరు అడగవచ్చు. మొన్నటిదాకా నేనూ అడిగేవాణ్ణే.

నేలకొండపల్లి దిబ్బల దగ్గర పాత ఇటుకలు చూస్తూ రెండు రోజులు గడిపి, బస్సులు మారి, జూలూరుపాడు దాటాక అడవి అంచున నడుస్తూ గాలివానకు దొరికిపోయాను. ఊరికి దూరంగా, వాగుకు ఇవతల ఒక్కటే ఇల్లు. తలుపు కొడితే భారతమ్మ తీసింది. "తడిసిపోయిండ్రు, లోపలికి రండి పెద్దాయనా" అంది. ఆ 'అండి' ఆమె తాతలది. వాళ్లు కృష్ణా జిల్లా నుంచి ఎడ్లబండ్ల మీద వచ్చారట. మిగతా మాటంతా ఈ నేలదే.

ఇంటి పక్క రేకుల షెడ్డులో మూడు గుండ్రటి టార్పాలిన్ తొట్లు, వాటినిండా రూప్‌చంద్ చేపలు. అన్ని చేపలు అంత ఇరుకులో బతకాలంటే పొద్దస్తమానం మోటారు నీళ్లలోకి గాలి పంపుతూ ఉండాలి. అది గంట ఆగితే అంతే. చేపకు గాలి బాకీ పెట్టడం కుదరదు.

భారతమ్మ మిర్చి పండించే ఇంట్లో పుట్టి మిర్చి పండించే ఇంటికే కోడలైంది. మూడేళ్లు వరసగా నల్లతామర పురుగు పూతను మిగల్చలేదు. భర్త వెంకటప్పయ్యకు నడుము పోయింది, బరువెత్తలేడు. చుట్టాలంతా నవ్వుతుంటే ఈ తొట్లు పెట్టింది ఆమే. ఇవి పోతే చేయడానికి ఇంకేమీ లేదు. "మిర్చి సచ్చేటప్పుడు నోరు తెరవదు పెద్దాయనా. చేప తెరుస్తది. అది చూడలేం" అంది నాతో.

వారం కింద జనరేటర్ కొని, బిగించడానికి జూలూరుపాడు ఎలక్ట్రీషియన్ మోయిజ్‌ను మాట్లాడుకుంది. పెళ్లిళ్ల లైటింగు పనుల్లో పడి అతను రోజూ ఫోన్లో "రేపొస్త అక్కా" అన్నాడు. నేను చాలా రాష్ట్రాలు తిరిగాను. పనివాడి నోట ఆ 'రేపు' అన్ని భాషల్లోనూ ఒకే రాగంలో ఉంటుంది. రేపు రాకముందే గాలివాన వచ్చి, రాత్రే కరెంటు పోయింది.

ఇన్వర్టర్ బ్యాటరీ తెల్లారేదాకా లాగి ఆగిపోయింది. అదే వేళకు వాగవతల నుంచి కేక వినిపించింది. గూడెం మనిషి దూలయ్య. లైన్‌మెన్‌ల వెంట తిరుగుతూ, బండ్లు పోలేని చోట స్తంభాలెక్కేది అతనే.

"అమ్మా! తీగ ఈ ఒడ్డున తెగింది! సబ్‌స్టేషన్ల బంద్ చేపిచ్చిన! వాన తగ్గనీ, అతుకుత!"

వాన తగ్గేదాకా చేపలు ఆగుతాయా? అప్పటికే పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. నీళ్ల మీద వందల నోళ్లు, ఒక్క శబ్దం లేదు. ఆమె బకెట్టుతో నీళ్లు ముంచి ఎత్తు నుంచి పోయసాగింది. అట్లా పోస్తే కొంచెం గాలి కలుస్తుంది. అప్పుడు ఊళ్లోంచి మరిది జయప్రకాశ్ వచ్చాడు, రెండు కొసలకూ పిన్నులు బిగించిన వైరుతో. ఒక కొస జనరేటర్‌లో, రెండోది ఇంటి గోడ ప్లగ్గులో గుచ్చాడు. ఇల్లంతా వెలిగింది, గాలి మోటారు అందుకుంది.

"చూసినవా వదినా, దీనికి మోయిజ్ కోసం వారం ఆగినవ్!" అని నవ్వి వెళ్లిపోయాడు.

పది దాటాక, వాన తెరిపిచ్చాక మోయిజ్ వచ్చాడు. దారిలో చెట్లు పడ్డాయట, బండి వదిలి మోకాళ్లదాకా బురదలో నడిచి వచ్చాడు. వైరును చూసి ఆగాడు.

"ఇది ఎవరు పెట్టిండ్రు?"

"మా మరిది."

"ఫ్యూజు పీకిండా?"

"ఏ ఫ్యూజు?"

మోయిజ్ గబగబా పోయి జనరేటర్ ఆపేశాడు.

"నా చేపలు! ఏం జేస్తున్నవ్ మోయిజ్!"

"గోడ ప్లగ్గుల పోసిన కరెంటు ఇంట్లనే ఉంటదా అక్కా? మీటర్ దాటి ఎనక్కి స్తంభం ఎక్కుతది. తెగిన తీగ కొసదాకా పోతది. జల్దీ చెప్పు, లైన్ మీద ఎవరున్నరు?"

ఆమె వాగు వైపు చూసింది. "దూలయ్య" అంది.

మూడు గంటలైంది జనరేటర్ పెట్టి. వెంకటప్పయ్య చెంబు పట్టుకుని తొట్టి దగ్గరికి జరిగాడు. "పో. నువ్వు పో" అన్నాడు భార్యతో.

ఆమె పరుగెత్తింది, వెనక నేను. వాగు దాకా నాలుగు స్తంభాలు. ప్రతి స్తంభం దగ్గరా తలెత్తి తీగను చూసి మళ్లీ పరుగు. వాగు ఎర్రగా పొంగి ఉంది, దాటే వీలు లేదు.

"దూలయ్యా!"

అవతల తుమ్మకంప మీద తెగిన తీగ వేలాడుతోంది. మనిషి లేడు. మళ్లీ పిలిచింది. మూడోసారి పిలుస్తూ నీళ్ల అంచుదాకా దిగింది.

అప్పుడు బండరాయి వెనక నుంచి బీడీ పొగ లేచింది. పొగ వెంట దూలయ్య లేచాడు, భుజాన తాడుతో.

"సచ్చిన్ననుకున్నవా?"

"ముట్టలేదా నువ్వు?"

"ఎట్ల ముడుత? పొద్దుగాల్నించి నీ కాడ ఒకటే సప్పుడు. జనరేటర్ సప్పుడు ఇనబడితే నేను తీగ ముట్టనే ముట్ట. మా బావ గట్లనే పోయిండు, కరెంటు బంద్ ఉన్నదని నమ్మి. ఒర్లి ఒర్లి గొంతు పోయింది నాది. గా సప్పుడుల ఎవలింటరు?"

వాన ఆగి గంటన్నరైంది. తీగ అతకడానికి గంట చాలు. అంటే ఈపాటికి కరెంటు వచ్చి ఉండేది. ఆమె తెచ్చిపెట్టుకున్న జనరేటరే దూలయ్యను ఆ రాతి మీద కూర్చోబెట్టింది.

"ఇప్పుడు బంద్ అయింది కద. ఎక్కు నాయనా, నీకు దండం పెడత."

దూలయ్య తీగ కొసను లాగబోయి వంగాడు. అప్పుడే షెడ్డు వైపు నుంచి జనరేటర్ మళ్లీ మోగింది. అతను ఒక్క గెంతులో వెనక్కి పోయాడు.

"భయం లేదు! మోయిజ్ ఫ్యూజు పీకి, మోటారుకు వేరే వైరు ఏసుంటడు!"

"పీకిండా? నువ్వు జూసినవా?"

భారతమ్మ షెడ్డు వైపు చూసింది. "చూడలే" అంది.

జనరేటర్‌లో మిగిలిన పెట్రోల్ అరగంటకు వస్తే ఎక్కువ. బంకు దారి చెట్లతో మూసుకుపోయింది. అది అయిపోతే, తీగ అతకకపోతే, మూడు తొట్లూ పోతాయి. ఆమె ఇది లెక్క వేసుకోవడం నేను ఆమె ముఖంలో చూశాను.

"పెద్దాయనా, మీరు పోయి బంద్ చేయమనండి. నేను రాను. నేను పోతే మళ్లీ పెడతనేమోనని ఈయన ముట్టడు."

"అవ్" అన్నాడు దూలయ్య. "నాకు కనబడేటట్టు ఆడనే నిలబడు."

నా కాళ్లు దేశమంతా తిరిగాయి కానీ అంత వేగంగా ఎప్పుడూ పోలేదు. మోయిజ్ నిజంగానే ఇంటిని స్తంభంతో కలిపే ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకున్నాడు, మోటారుకు వేరే వైరు లాగాడు. ప్రమాదమేమీ లేదు.

"ఏం కాదు తాతా, నేను చెప్తున్న కద!"

"అతను ముట్టడు" అన్నాను.

మోయిజ్ జనరేటర్ ఆపాడు. "నిన్న వచ్చుంటే అయిపోతుండె" అని తనలో తను గొణుక్కుని బకెట్టు అందుకున్నాడు. నేను ఇంకో బకెట్టు పట్టాను. వెంకటప్పయ్యది చెంబే. ముగ్గురం కలిసి ఒక తొట్టికి సరిపోతాం, మూడింటికి చాలం.

"ఏ తొట్టి బావా?" అన్నాడు మోయిజ్.

వెంకటప్పయ్య దగ్గరి తొట్టి చూపించి, మిగతా రెండింటికి వీపు తిప్పి నిలబడ్డాడు.

గంట సేపు పోశాం. షెడ్డులోంచి వాగు దారి కనబడుతుంది. తలెత్తినప్పుడల్లా ఆ చివర భారతమ్మ నీలం చీర అదే చోట ఉంది. ఒక్కసారి కూడా ఇటు తిరగలేదు. తిరిగి ఉంటే పరుగెత్తుకొచ్చేదని నా అనుమానం. మా వెనక తొట్లలో చేపలు ఒక్కొక్కటే పక్కకు ఒరిగాయి.

చివరికి ఆమె చేతులూపుతూ పరుగెత్తుకొచ్చింది. "అతికిండు! పెట్టు మోయిజ్, ఫ్యూజు పెట్టు!" కరెంటు వచ్చింది. మోటారు అందుకుని మూడు తొట్లలోనూ బుడగలు లేచాయి. రెండు తొట్లలో ఆ బుడగల మధ్య తెల్లటి పొట్టలు తిరుగుతున్నాయి.

ఆమె గుండె దిటవు చేసుకుందని రాయాలని ఉంది. చేసుకోలేదు. తొట్టి అంచు పట్టుకుని గట్టిగా, మాటలు కలిపి ఏడ్చింది.

చాలాసేపటికి మోయిజ్ సంచిలోంచి ఇనుప డబ్బా తీశాడు. "అక్కా, చేంజోవర్ స్విచ్ తెచ్చిన. ఇప్పుడు... పెట్టాల్నా?"

"పెట్టు."

మధ్యాహ్నానికి వాగు తగ్గింది. దూలయ్య తొడలదాకా తడిసి దాటి వచ్చాడు. నేరుగా గోడ దగ్గరికి పోయి, "ఏది, చూపియ్" అన్నాడు. మోయిజ్ చూపించాడు: పిడి పైకి అంటే స్తంభం కరెంటు, కిందికి అంటే జనరేటర్, రెండూ ఒకేసారి కలవవు. దూలయ్య తనే పిడిని మూడుసార్లు పైకీ కిందికీ వేసి, దానికి చెవి ఆనించి విన్నాడు.

"మంచిగుంది" అన్నాడు. "అయినా సప్పుడు ఇనబడితే కూసుంట."

భారతమ్మ చచ్చిన చేపలను గంపలోకి ఎత్తుతోంది. తల తిప్పకుండానే అంది:

"కూసో. నేను వాగు కాడికొచ్చి నిలబడత."